బరంపురంలో ఇల్లు: జీతం ఇక్కడిది, ధర ఎక్కడిది?

క్లుప్తంగా

ఒడిశాలోని బరంపురం చుట్టుపక్కల స్థలాలు, ఫ్లాట్ల రేట్లు ఊళ్లో పనిచేసేవాళ్ల జీతాల్ని బట్టి నడవట్లేదు. బయటినుంచి వచ్చే డబ్బు ఎంత, కాగితాలు శుభ్రంగా ఉన్న స్థలం ఎంత దొరుకుతోంది, ఈ రెండిటిని బట్టి నడుస్తున్నాయి. అందుకే బ్యాంకు వడ్డీ తగ్గినా మామూలు జీతగాడికి పెద్దగా కలిసిరావట్లేదు. కొంతమంది హద్దు దాటి ఆంధ్రాలోని ఇచ్ఛాపురం వైపు చూస్తున్నారు గానీ, అక్కడ స్థలంలో మిగిలినదాంట్లో కొంత పెట్రోలుకి పోతుంది, ఇంకొంత పిల్లల సీటు దగ్గర తేలుతుంది.

ఆఫీసు ఒకచోట, కాపురం ఇంకోచోట

గంజాం జిల్లాలో ఒక విచిత్రం ఉంది. జిల్లా హెడ్‌క్వార్టర్ ఛత్రపురం, కానీ జిల్లాలో పెద్ద ఊరు బరంపురం. కలెక్టరాఫీసు 20 కిలోమీటర్ల పైన ఛత్రపురంలో, యూనివర్సిటీ భంజబిహార్‌లో, ఐఆర్ఈఎల్ వాళ్ల ఇసుక ఖనిజాల ఫ్యాక్టరీ ఛత్రపురం పక్కన, పోర్టూ టాటా స్టీల్ సెజ్జూ గోపాల్‌పూర్ వైపు, ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ కూడా అటే, 2016లో మొదలైన ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యాసంస్థ క్యాంపస్ లౌడిగాంలో. వీటిలో ఒక్కటీ ఊరి నడిబొడ్డున లేదు. అయినా వీటిలో పనిచేసేవాళ్లలో చాలామంది కాపురం మాత్రం బరంపురంలోనే, ఎందుకంటే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఇక్కడుంది, ప్రైవేటు నర్సింగ్ హోములు ఇక్కడున్నాయి, మంచి స్కూళ్లు, కోచింగ్ సెంటర్లు, రైల్వే స్టేషను, బట్టల బజారు అన్నీ ఇక్కడే.

అంటే హైదరాబాద్‌లోనో ముంబైలోనో శివారులో ఉండి ఊళ్లోకి పనికి వెళ్తారు, ఇక్కడ ఊళ్లో ఉండి శివారుకి పనికి వెళ్తారు. లెక్క తిరగబడింది. దీనివల్ల ఇంటి ధర మీద పడే ఒత్తిడి అంతా ఒకే మున్సిపాలిటీ మీద పడుతోంది. 2011 జనాభా లెక్కల్లో బరంపురం కార్పొరేషన్ జనం 3.56 లక్షలు, జిల్లా మొత్తం 35 లక్షల పైన, అంటే జిల్లాలో పదిమందిలో ఒకరు మాత్రమే ఈ ఊళ్లో ఉండేవారు, కానీ మిగతా తొమ్మిదిమందిలో చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాళ్లు స్థలం అంటూ కొంటే మొదట చూసేది ఈ ఊరినే.

పాత ఊళ్లో కొత్తగా కట్టడానికి జాగా దాదాపు లేదు. బడాబజార్ వైపు, పట్టు నేత వీధుల్లో ఇళ్లు గోడకి గోడ ఆనుకుని సన్నగా పొడుగ్గా ఉంటాయి, అన్నదమ్ముల పంపకాలు అయ్యాక ఒక్కో వాటాకి కారు కాదు కదా ఆటో కూడా తిరగదు. కాబట్టి డబ్బున్నవాళ్లు లంజిపల్లి, అంబపువా, ఇంజనీరింగ్ స్కూల్ రోడ్డు, హల్దియాపదర్ వైపు, హైవే వైపు జరిగారు. ఖరీదైన కాలనీలన్నీ ఈ బెల్టులోనే తయారయ్యాయి. ఆ బెల్టు రేటు చూసి దాని వెనకున్న పల్లెలు కూడా రేటు చెప్పడం మొదలుపెట్టాయి, రోడ్డు ఉన్నా లేకపోయినా.

ధర కట్టేది ఎవరి డబ్బు

ఏ ఊళ్లోనైనా ఇళ్ల రేటుకి, ఊళ్లో సంపాదనకి ఏదో ఒక లింకు ఉండాలి. పరిశ్రమలున్న ఊళ్లో జీతాలు పెరిగితే రేట్లు పెరుగుతాయి, ఫ్యాక్టరీ మూతపడితే పడిపోతాయి. బరంపురంలో ఆ లింకు చాలా వదులుగా ఉంది. కొనేవాళ్లని నాలుగు రకాలుగా చూడొచ్చు.

ఒకటి, గవర్నమెంటు, బ్యాంకు, రైల్వే, మెడికల్ కాలేజీ వాళ్లు, రిటైరై పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొచ్చినవాళ్లు. రెండు, భువనేశ్వర్, విశాఖ, హైదరాబాద్, బెంగళూరులో పిల్లలు ఉద్యోగాలు చేస్తూ అమ్మానాన్నలకి ఇక్కడ ఇల్లు కొనిపెట్టేవాళ్లు. మూడు, వలస డబ్బు. గంజాం నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకి వలస వెళ్లడం దశాబ్దాలుగా ఉన్నదే, 2020 లాక్‌డౌన్‌లో అక్కడినుంచి జిల్లాకి తిరిగొచ్చిన రైళ్లు చూశాకే ఆ వలస సైజు ఎంతో బయటివాళ్లకి తెలిసింది. మగ్గం మీద నిలబడి పనిచేసేవాడు బరంపురంలో ప్లాటు కొనలేడు, నిజమే, కానీ అక్కడ మేస్త్రీ అయ్యి, కాంట్రాక్టరయ్యి, సొంత మగ్గాలు పెట్టుకున్నవాళ్లు, గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్లు ముందు పల్లెలో స్లాబు వేస్తారు, తర్వాత పిల్లల చదువు పేరు చెప్పి బరంపురంలో స్థలం కొంటారు. నాలుగు, వ్యాపారస్తులు. వీళ్లకి ఇల్లు కన్నా డబ్బు దాచుకునే చోటు ముఖ్యం.

ఈ నలుగురిలో బ్యాంకు లోను మీదే పూర్తిగా ఆధారపడేది మొదటి రకంలో ఉద్యోగంలో ఉన్నవాళ్లు, రెండో రకంలో కొంతమంది. మిగతావాళ్ల దగ్గర చేతిలో డబ్బుంది. ఊళ్లో ప్రైవేటు స్కూలు టీచరు, నర్సింగ్ హోము స్టాఫు, షాపు మేనేజరు, పోర్టు కాంట్రాక్టు ఉద్యోగి ఈ పోటీలో ఐదో మనిషి, అతని జీతాన్ని చూసి ఎవరూ రేటు పెట్టట్లేదు.

ఇక్కడే ఇంకో సంగతి, అందరికీ తెలిసిందే గానీ లెక్కల్లో కనిపించదు. రిజిస్ట్రేషన్‌కి గవర్నమెంటు పెట్టిన కనీస విలువ, అదే బెంచ్‌మార్క్ వాల్యూ, ఒకటుంటుంది, బజారు రేటు చాలాచోట్ల దానికన్నా పైన ఉంటుంది. స్థలం, ఇల్లు లాంటి స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం చెప్తుంది, అయినా అమ్మేవాడు కొంత కాగితం మీద, కొంత చేతిలో అడిగే అలవాటు పోలేదు. బ్యాంకు లోను ఇచ్చేది కాగితం మీదున్న విలువ చూసే, చేతిలో ఇవ్వాల్సిన భాగానికి లోను రాదు. అందుకని ఒకే స్థలానికి ఇద్దరు పోటీపడితే, ఇద్దరి ఆదాయం ఒకటే అయినా, లోను మీద కొనేవాడు ఓడిపోతాడు. స్థోమత లేక కాదు, అతని డబ్బంతా తెల్లగా ఉండటం వల్ల.

40 లక్షల ఫ్లాట్ లెక్క

ఊరికే మాటలు కాకుండా ఒక ఉదాహరణ వేసుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఒక ఫ్లాట్ 40 లక్షలు అనుకుందాం, ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే. 30 లక్షలు లోను, 10 లక్షలు చేతి డబ్బు. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరు మీదైతే 5 శాతం, ఆడవాళ్ల పేరు మీదైతే 4 శాతం, దానిమీద రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. అంటే ఇంటాయన పేరు మీద 2.80 లక్షలు, ఇల్లాలి పేరు మీద 2.40 లక్షలు. ఈ 40 వేల తేడా కోసమే ఈమధ్య చాలా డీడ్లు ఆడవాళ్ల పేరుమీదికి వెళ్తున్నాయి, కారణం ఏదైనా ఫలితం మంచిదే. ఇల్లాలి పేరు మీద కొన్నా తాళం చేతికొచ్చేలోపు 12.40 లక్షలు సొంతంగా పెట్టాలి, కప్‌బోర్డులు, ఫ్యాన్లు, గ్రిల్సు వేరే. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చుని ఇంటి విలువలో కలిపి లోను ఇవ్వడం 10 లక్షలు దాటిన ఇళ్లకి కుదరదని రిజర్వు బ్యాంకు రూలు.

ఇప్పుడు నెలవారీ. 30 లక్షలకి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అంటే ఈఎంఐ సుమారు 26,000. ఆదాయంలో 40 శాతం మించి ఈఎంఐకి పోకూడదు అనుకుంటే ఇంటికి నెలకి 65 వేలు రావాలి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ గవర్నమెంటు టీచర్లయితే ఇది కష్టం కాదు. ఇద్దరూ ప్రైవేటులో చేస్తే ఈ ఊళ్లో ఆ అంకె అందుకోవడం చాలా కష్టం.

వడ్డీ తగ్గితే? 2025 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు రెపో రేటు, అంటే తను బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 6.5 శాతం నుంచి తగ్గించడం మొదలుపెట్టింది, జూన్‌కల్లా 5.5కి తెచ్చింది. మన ఉదాహరణలో 8.5 కాస్తా 7.5 అయితే ఈఎంఐ దాదాపు 24,200కి దిగుతుంది, నెలకి పద్దెనిమిది వందలు పైచిలుకు మిగులు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ అదే 26,000 కట్టగలిగినవాడికి ఇప్పుడు 30 బదులు 32 లక్షల పైన లోను వస్తుంది, ఆ సంగతి కొనేవాడికన్నా ముందు బ్రోకరుకి తెలుస్తుంది. అమ్మే స్థలాలు ఎక్కువగా ఉంటే ఆ రెండు లక్షలు కొనేవాడి జేబులో మిగులుతాయి, తక్కువగా ఉంటే అమ్మేవాడి రేటులో కలిసిపోతాయి. బరంపురంలో రెండోది జరిగే అవకాశమే ఎక్కువ.

ఫ్లాట్ల విషయంలో ఇంకో చిక్కు, చెప్పే చదరపు అడుగులు వేరు, కాలు పెట్టే చదరపు అడుగులు వేరు. రియల్ ఎస్టేట్ మీద వచ్చిన 2016 రెరా చట్టం ప్రకారం అమ్మకం కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాట్ లోపల వాడుకునే జాగా, మీద జరగాలి, బ్రోకర్ల నోట్లో మాత్రం ఇంకా సూపర్ బిల్టప్ లెక్కే నడుస్తోంది, అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా కలిసి ఉంటుంది. ఇద్దరు బిల్డర్ల రేట్లు పోల్చేటప్పుడు ఒకరిది కార్పెట్, ఇంకొకరిది సూపర్ బిల్టప్ అయితే ఆ పోలికకి అర్థం లేదు.

స్థలం ఉంది, కాగితం లేదు

బరంపురం చుట్టూ ఖాళీ నేల లేక రేట్లు పెరిగాయంటే నమ్మడం కష్టం, ఊరు దాటితే ఎటు చూసినా పొలాలే. కొరత నేలది కాదు, ఇల్లు కట్టుకోడానికి పనికొచ్చే కాగితం ఉన్న నేలది.

ఒడిశా పట్టాలో ఖాతా నంబరు, ప్లాట్ నంబరుతో పాటు కిసం అని ఒకటుంటుంది, అంటే ఆ నేల ఏ రకమో. వ్యవసాయ కిసం ఉన్న నేలని ఘరబారీగా, అంటే ఇంటి స్థలంగా మార్చాలంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర కన్వర్షన్ చేయించాలి. తర్వాత లేఔటు అప్రూవలు. డెవలప్‌మెంట్ అథారిటీ పరిధిలో అప్రూవల్ లేకుండా ముక్కలు చేసిన ప్లాట్ల రిజిస్ట్రేషన్ మీద ఆంక్షలు ఉన్నాయి, అవి కాలంతో పాటు బిగుసుకుంటూ, సడలుతూ వచ్చాయి. ఎస్సీ, ఎస్టీల నేల అయితే అదే చట్టం 22వ సెక్షన్ కింద అనుమతి లేకుండా ఇతరులకి అమ్మితే చెల్లదు. ఇక ఉమ్మడి ఆస్తులు, తాత పేరు మీదే ఉండిపోయిన పట్టాలు, సంతకం పెట్టాల్సిన ఒక వాటాదారు సూరత్‌లో, ఇంకొకరు విశాఖలో, ఇవి ప్రతి వీధిలో ఉన్నవే. ఇన్ని జల్లెడలు దాటి వచ్చే స్థలం కొంచెమే, ఆ కొంచెం మీదే అందరూ ఎగబడతారు.

జల్లెడ దాటనివి కూడా అమ్ముడుపోతాయి, తక్కువ రేటుకి, అగ్రిమెంటు కాగితం మీద, పవరాఫ్ అటార్నీ మీద. బ్యాంకు లోను రాదు కాబట్టి అక్కడ కొనేది మళ్లీ నగదు ఉన్నవాళ్లూ, లేదా అసలు వేరే దారి లేని చిన్న జీతగాళ్లూ. చౌక అనిపించేదాంట్లో చాలాభాగం ఈ రిస్కు తాలూకు డిస్కౌంటే.

తెలుగువాళ్లకి దీనిమీద ఇంకో పొర. పట్టాలు ఒడియాలో ఉంటాయి. గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, తెలుగు ఇళ్లల్లో పాత దస్తావేజులు తెలుగులో కూడా కనిపిస్తాయి, ఇప్పటి పెద్దవాళ్లలో ఒడియా మాట్లాడటం వచ్చి చదవడం రానివాళ్లు ఉన్నారు. కిసం గడిలో ఏం రాసుందో చదువుకోలేక బ్రోకరు చెప్పిందే నమ్మితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కొలతలు ఇంకో గందరగోళం. ఇక్కడి డెసిమల్, ఆంధ్రా సెంటు ఒకటే, 435.6 చదరపు అడుగులు, గజాల్లో 48.4. కానీ ఒడిశా గుంఠ ఎకరంలో 25వ వంతు, అంటే 4 డెసిమల్స్, తెలంగాణ గుంట ఎకరంలో 40వ వంతు, 121 గజాలే. హైదరాబాద్ చుట్టాలకి ఫోన్లో "గుంఠ ఇంత" అని చెప్తే వాళ్లు అమ్మో అనడానికి సగం కారణం ఇదే.

గిరిసోలా దాటితే

హైవే మీద గిరిసోలా దాటితే ఆంధ్రా, ఇంకాస్త పోతే ఇచ్ఛాపురం, బరంపురం నుంచి మొత్తం 25 కిలోమీటర్లు అటూ ఇటూ. అదే హౌరా చెన్నై రైలు లైను. ఊరు తెలుగు ఊరు, కాగితం తెలుగులో, స్థలం బరంపురం మంచి కాలనీల కన్నా చవక. అందుకే బరంపురంలో పనిచేస్తూ అటు ఇల్లు కట్టుకునే ఆలోచన తెలుగు కుటుంబాల్లో కొత్తదేం కాదు.

అయితే చవక అన్నది ఎంత చవక? ఆంధ్రాలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. 40 లక్షల ఆస్తికి 3 లక్షలు, ఒడిశాలో ఆడవాళ్ల పేరు మీద కొన్నదానికన్నా 60 వేలు ఎక్కువ. రోజూ రానూ పోనూ 50 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, 1,300 కిలోమీటర్లు. లీటరుకి 45 ఇచ్చే బండి మీద పెట్రోలుకే నెలకి మూడు వేల దాకా అవుతుంది, అదీ ఒడిశా బంకులో కొట్టిస్తే, ఆంధ్రాలో రేటు ఎక్కువ కాబట్టి హద్దుకి ఇవతలే ట్యాంకు నింపుకోవడం అందరికీ అలవాటే. స్థలంలో 6 లక్షలు మిగిలింది అనుకుంటే, 8.5 శాతం మీద 20 ఏళ్లకి అది నెలకి 5,200 ఈఎంఐతో సమానం. పెట్రోలు తీసేస్తే చేతిలో మిగిలేది 2,200. రోజుకి గంటన్నర హైవే మీద, లారీల మధ్య, దానికి ఎవరి రేటు వాళ్లు కట్టుకోవాలి. ఒక్కరే కాక భార్యాభర్తలిద్దరూ వేర్వేరు దిక్కులకి వెళ్లాల్సి వస్తే ఈ మిగులు కూడా ఉండదు.

రైలు మీద ఆశ పెట్టుకోవచ్చా అంటే, 2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్ విశాఖ వందే భారత్ బరంపురంలో ఆగుతుంది, కానీ అది రోజూ డ్యూటీకి వెళ్లే బండి కాదు, టికెట్టు రేటూ అందుకు తగ్గది కాదు. పొద్దున డ్యూటీ టైముకి, సాయంత్రం తిరుగు టైముకి సరిగ్గా దొరికే లోకల్ బండ్లు పెరిగితే తప్ప ఈ 25 కిలోమీటర్లు దగ్గరవ్వవు.

చాలామంది చివర్లో గుర్తుకు తెచ్చుకునేది పిల్లల సంగతి. ఆంధ్రాలో లోకల్ క్యాండిడేట్ అవ్వాలంటే సాధారణంగా ఆ ప్రాంతంలో వరసగా నాలుగేళ్లు చదివి ఉండాలి, రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన రూలు. ఒడిశాలో స్టేట్ కోటాకి ఇక్కడి రెసిడెన్స్ కాగితాలు కావాలి. ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లు దీని మీదే తిరుగుతాయి. కాపురం అటు మార్చి, స్కూలు ఇటు ఉంచి, ఆధార్‌లో ఒక అడ్రసు, రేషన్ కార్డులో ఇంకో అడ్రసు పెట్టుకున్న కుటుంబాలకి పిల్ల ఇంటర్‌కి వచ్చాక ఈ చిక్కు తెలుస్తుంది. ఇంకో పక్క, ఆంధ్రాలో సంవత్సరం దాటి తిప్పే ఒడిశా బండికి అక్కడ రిజిస్ట్రేషన్ మార్పించుకోవాలి. ఇవేవీ స్థలం రేటులో కనిపించవు.

రాయగడలో ఇంకో లెక్క

ఇదే ఒడిశాలో, ఇదే తెలుగువాళ్లు ఉన్న రాయగడలో ఇళ్ల ఖరీదు వెనక కారణం వేరు. జేకే పేపర్, థేరుబలి ఫెర్రో అల్లాయ్స్, ఉత్కల్ అల్యూమినా లాంటి ఫ్యాక్టరీల జీతాలు ఆ టౌనుకి వస్తాయి, అద్దె ఇళ్లకి గిరాకీ ఉంటుంది. కానీ రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ఏరియా, అంటే ఆదివాసీలకి రాజ్యాంగ రక్షణ ఉన్న ప్రాంతం. ఒడిశాలో 1956 నాటి రెండో రెగ్యులేషన్, దానికి 2002లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆదివాసీల భూమి ఆదివాసీలు కానివాళ్లకి వెళ్లకూడదు. ఆదివాసీల చేతిలోంచి భూమి జారిపోకుండా పెట్టిన రక్షణ అది, దాని అవసరం వాదించాల్సిన పని లేదు. మార్కెట్ వైపు దాని ఫలితం ఏమిటంటే, ఆదివాసీలు కానివాళ్ల చేతిలో ముందునుంచీ ఉన్న కాస్త నేలే చేతులు మారుతూ ఉంటుంది, ఊరు పెరుగుతున్నా ఆ నేల పెరగదు. రాయగడ రైల్వే డివిజన్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయ్యాక అక్కడ అద్దెల మీద ఆశలు ఇంకా పెరిగాయి. బరంపురంలో నేల పొలంగా ఉండి కాగితం దగ్గర ఆగిపోతుంది, రాయగడలో అమ్మకానికే రాదు. చూడటానికి రెండుచోట్లా ఖరీదే, కానీ కన్వర్షన్లు తొందరగా ఇచ్చినంత మాత్రాన రాయగడలో ఏమీ మారదు.

అద్దెకుండేవాళ్ల పక్క

కొనడం కుదరకపోతే అద్దె. ఇక్కడ ఒక ఊరట ఉంది, అద్దెలు అమ్మకం రేట్లంత వేగంగా పెరగవు, ఎందుకంటే అద్దె కట్టేది ఊళ్లో జీతంలోంచే, సూరత్ డబ్బు అద్దె కట్టదు. మన 40 లక్షల ఫ్లాట్‌కి అద్దె 12 వేలు అనుకుంటే ఏడాదికి 1.44 లక్షలు, పెట్టుబడి మీద 3.6 శాతం, బ్యాంకు డిపాజిట్ కన్నా తక్కువ. లెక్క ప్రకారం అద్దెకుండి మిగతాది దాచుకోవడమే లాభం, కానీ రేటు ఏటా పెరుగుతుందన్న నమ్మకం ఉన్నంతకాలం ఎవరూ ఈ లెక్క వేయరు.

అయితే ఎంకేసీజీ చుట్టుపక్కల అద్దెలది వేరే దారి. మెడికల్ స్టూడెంట్లు, నర్సింగ్ అమ్మాయిలు, దక్షిణ ఒడిశా నలుమూలల నుంచి, ఇటు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు, అందరికీ అక్కడే గది కావాలి. ఇంటివాళ్లు కుటుంబానికి రెండు గదుల వాటా ఇచ్చే బదులు గదికో ఇద్దర్ని పెట్టుకుంటే ఎక్కువొస్తుంది, కాబట్టి కుటుంబాలకి వాటాలు తగ్గిపోతున్నాయి, వాళ్లు ఆస్కా రోడ్డు వైపు, ఇంకా లోపలికి జరుగుతున్నారు. మంచినీళ్ల కనెక్షన్ ఉన్న ఇల్లు, బోరు మీద మాత్రమే ఉన్న ఇల్లు, వీటి అద్దెల్లో తేడా వేసవిలో బాగా కనపడుతుంది.

ఇకముందు ఎటు

రేట్లు పడిపోతాయా అని అడిగేవాళ్లు ఎక్కువ. చేతి డబ్బుతో కొన్నవాళ్లు ఎక్కువున్న చోట రేట్లు పడటం కన్నా అమ్మకాలు ఆగిపోవడం ముందు జరుగుతుంది, ఎందుకంటే ఈఎంఐ ఒత్తిడి లేనివాడు తక్కువకి అమ్మడు, బోర్డు పెట్టుకుని కూర్చుంటాడు. గోపాల్‌పూర్ వైపు ఫ్యాక్టరీలు పెరిగితే జీతాలొస్తాయి, దాంతో పాటు రేట్లూ వస్తాయి, ముందొచ్చేది రేట్లే, జీతాలు తర్వాత. సముద్రం దగ్గర కట్టడాల మీద సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ) ఆంక్షలున్నాయి, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే, ఆ రాత్రి రేకులు లేచిపోయిన ఇళ్లవాళ్లు తర్వాత స్లాబు లేకుండా ఇల్లు అన్న మాట ఎత్తట్లేదు, దాంతో కట్టుబడి ఖర్చూ పెరిగింది. మేస్త్రీలు బయటి రాష్ట్రాలకి పోవడం వల్ల ఇక్కడ కూలి కూడా తగ్గలేదు.

ఇన్నిట్లో ఊరు చేతిలో ఉన్నది ఒకటే, కాగితం. కన్వర్షన్లు, లేఔటు అప్రూవళ్లు త్వరగా అయితే హైవేకి రెండు పక్కలా ఉన్న నేల ఇంటి స్థలంగా బయటికొస్తుంది, అప్పుడు లోను మీద కొనేవాడు కూడా పోటీలో నిలబడతాడు. అలా కాకుండా రోడ్లు మాత్రమే వెడల్పు చేస్తే పొలం పొలంగానే ఉండి దాని రేటు పెరుగుతుంది, ఇచ్ఛాపురం వైపు సాయంత్రం బండ్లు ఇంకొన్ని ఎక్కువ కనిపిస్తాయి.